దక్షిణ సూడాన్‌లో క్రైస్తవ సంఘం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రార్థన కూడికల్లో దక్షిణ సూడాన్ పేరెత్తినప్పుడల్లా దాదాపు అవే ప్రశ్నలు ఎదురవుతున్నాయి. సూడాన్, దక్షిణ సూడాన్ ఒకటే అనుకునేవారు కొందరు, అక్కడి క్రైస్తవులను ప్రభుత్వమే హింసిస్తున్నదని నమ్మేవారు మరికొందరు. అడిగిన ప్రతివారికీ విడిగా చెప్పడం కంటే అన్నిటినీ ఒకచోట రాసి ఉంచడం మేలనిపించి ఈ పుట సిద్ధం చేశాను. కతోలికులూ ప్రొటెస్టెంట్లూ చదువుతారు కనుక వీలైనంతవరకు ఇరువురికీ తెలిసిన మాటలే వాడాను.

సూడాన్, దక్షిణ సూడాన్ ఒకటే దేశమా?

కాదు. 2011 జనవరిలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 98.83 శాతం మంది విడిపోవాలని ఓటు వేశారు. ఆ ఏడాది జూలై 9న దక్షిణ సూడాన్ స్వతంత్ర దేశమైంది. దాని రాజధాని జూబా తెల్ల నైలు నది ఒడ్డున ఉంది. ఖార్టూమ్ రాజధానిగా ఉన్న ఉత్తర భాగం సూడాన్ పేరుతోనే కొనసాగుతోంది.

అక్కడ కష్టాలు అంటున్నారు, అవి ఏమిటి?

స్వాతంత్ర్యం వచ్చి రెండున్నరేళ్ళు నిండకముందే, 2013 డిసెంబరు 15న, అధ్యక్షుడు సల్వా కీర్ బలగాలకూ, ఆయన పదవి నుంచి తొలగించిన ఉపాధ్యక్షుడు రియెక్ మచార్ వైపు సైనికులకూ మధ్య జూబాలో కాల్పులు మొదలయ్యాయి. ఇద్దరు నాయకుల పోరు కొద్ది రోజుల్లోనే డింకా, నుయేర్ జాతుల పోరుగా మారి ఊళ్ళకు ఊళ్ళను తగలబెట్టింది. ఆ యుద్ధం కారణంగా చనిపోయినవారు సుమారు 3,83,000 మంది ఉంటారని 2018లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. 2017 ఫిబ్రవరిలో యూనిటీ రాష్ట్రంలోని లేర్, మయెందిత్ ప్రాంతాల్లో కరవు వచ్చినట్లు అధికారికంగా ప్రకటించారు. 2018 సెప్టెంబరులో శాంతి ఒప్పందం కుదిరింది, 2020 ఫిబ్రవరిలో ఐక్య ప్రభుత్వం ఏర్పడింది. అయినా పల్లెల్లో తుపాకులు పూర్తిగా మూగబోలేదు.

ఆ తరువాత ఒకదాని వెంట ఒకటి వచ్చిపడ్డాయి. వరుస వరదల్లో బెంటియు పట్టణం 2021 నుంచి నీటి నడుమ ద్వీపంలా మిగిలి, మట్టికట్టల మీద ఆధారపడి బతుకుతోంది. 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో యుద్ధం మొదలయ్యాక రెంక్ సరిహద్దు మీదుగా పది లక్షలకు పైగా జనం ఈ దేశంలోకి వచ్చారు. వారిలో చాలామంది ఒకప్పుడు ఇక్కడినుంచి అక్కడికి పారిపోయినవారే. ప్రభుత్వ రాబడిలో అత్యధిక భాగం ముడిచమురు నుంచి వస్తుంది. ఆ చమురు సూడాన్ గుండా పోయే గొట్టపుమార్గంలోనే సముద్రం చేరాలి. 2024 ఫిబ్రవరిలో ఆ గొట్టం పగిలాక ఉద్యోగులకు నెలల తరబడి జీతాలు అందలేదు. జనాభాలో సగానికి పైగా చాలినంత తిండి లేక అవస్థ పడుతున్నారు. 2025 మార్చిలో మచార్‌ను గృహనిర్బంధంలో ఉంచడంతో 2018 నాటి ఒప్పందం నిలుస్తుందా అన్న భయం మళ్ళీ కమ్ముకుంది. 2024 డిసెంబరులో జరగవలసిన ఎన్నికలను 2026 డిసెంబరుకు వాయిదా వేశారు.

అక్కడ క్రైస్తవులు ఎంతమంది?

2010 నాటి జనాభాకు ప్యూ పరిశోధన సంస్థ వేసిన లెక్క ప్రకారం సుమారు 60 శాతం మంది క్రైస్తవులు, 33 శాతం మంది పూర్వీకుల సంప్రదాయ మతాలవారు, 6 శాతం మంది ముస్లింలు. కతోలిక సంఘం అన్నిటికంటే పెద్దది. ఆ తరువాత ఆంగ్లికన్లకు చెందిన ఎపిస్కోపల్ సంఘం, ప్రెస్బిటేరియన్ సంఘం వస్తాయి. ఆఫ్రికా ఇన్‌ల్యాండ్ సంఘం, పెంతెకొస్తు సంఘాలు కూడా ఉన్నాయి. అయితే ఆదివారం గుడికి వెళ్ళే మనిషే పశువులకు జబ్బు చేసినప్పుడు పెద్దల ఆచారాన్ని ఆశ్రయించడం అక్కడ సాధారణం కనుక ఈ శాతాలను గీత గీసినట్లు తీసుకోకూడదు.

అక్కడికి సువార్త ఎప్పుడు, ఎలా వెళ్ళింది?

ఉత్తరాన నూబియా రాజ్యాల్లో ఆరవ శతాబ్దం నుంచే క్రైస్తవ్యం ఉన్నది నిజమే కానీ, నేటి దక్షిణ సూడాన్ సంఘం దాని కొనసాగింపు కాదు. 1850ల్లో నేటి జూబా సమీపంలోని గొండొకోరో దాకా వచ్చిన కతోలిక మిషనరీలలో ఎక్కువమంది జ్వరాలతో నేలకొరిగారు. ఆఫ్రికాను ఆఫ్రికా వారి చేతనే ఉద్ధరించాలన్న ప్రణాళికను 1864లో రచించిన డేనియల్ కొంబోని 1881లో ఖార్టూమ్‌లో మరణించారు. స్థిరమైన పని ఇరవయ్యవ శతాబ్దం మొదట్లోనే ఆరంభమైంది. కొంబోని సభవారు షిల్లుక్ జాతి మధ్య, అమెరికన్ ప్రెస్బిటేరియన్లు సోబాత్ నది దగ్గరి డొలీబ్ కొండ వద్ద, ఆంగ్లికన్ మిషనరీలు బోర్ సమీపంలోని మలెక్‌లో కేంద్రాలు నెలకొల్పారు.

ఇక్కడొక సంగతి గమనించాలి. మిషన్ల మధ్య తగవులు రాకుండా బ్రిటిష్ పాలకులు ఒక్కొక్క మిషన్‌కు ఒక్కొక్క ప్రాంతం కేటాయించారు. దానితో ఏ జాతివారు ఏ సంఘంలో చేరతారన్నది చాలావరకు పటం మీదే తేలిపోయింది. నుయేర్లలో ప్రెస్బిటేరియన్లు, బోర్ ప్రాంతపు డింకాలలో ఆంగ్లికన్లు, పశ్చిమాన కతోలికులు ఎక్కువగా ఉండడానికి మూలం అదే. మన కోస్తా జిల్లాల్లో ఒక తాలూకా లూథరన్లది, పక్క తాలూకా బాప్టిస్టులది అయిన తీరు ఎరిగినవారికి దీన్ని వేరే వివరించనక్కరలేదు. మనకు అది సంఘాల పేర్లతో ఆగిపోయింది, వారికి జాతి గీతతో కలిసిపోయింది.

మిషనరీలను వెళ్ళగొట్టాక సంఘం ఎలా బతికింది?

ఈ చరిత్ర మొత్తంలో నన్ను ఎక్కువగా కదిలించేది ఈ ఘట్టమే. బ్రిటిష్ పాలన నుంచి సూడాన్ స్వతంత్రమయ్యాక ఖార్టూమ్ ప్రభుత్వం 1957లో మిషన్ బడులను స్వాధీనం చేసుకుంది, 1960లో దక్షిణాన వారాంతపు సెలవును ఆదివారం నుంచి శుక్రవారానికి మార్చింది, 1964లో విదేశీ మిషనరీలందరినీ దక్షిణం నుంచి బహిష్కరించింది. అప్పటికి స్థానిక గురువులు (కతోలిక ఫాదర్లు), పాస్టర్లు చాలా తక్కువ మంది. కతోలికులలో మొదటి స్థానిక బిషప్ ఇరెనెయుస్ దుద్ అభిషేకం పొందింది 1955లోనే. దొరలు వెళ్ళిపోతే సంఘం దానంతట అదే ఆరిపోతుందని పాలకులు అనుకున్నారు.

జరిగింది వేరు. 1983లో సూడాన్ అధ్యక్షుడు నిమెయిరీ ప్రభుత్వం షరియా చట్టాన్ని ప్రకటించిన ఏడాదే ఖార్టూమ్‌కూ దక్షిణాది తిరుగుబాటుదారులకూ మధ్య రెండో అంతర్యుద్ధం మొదలై 2005 వరకు సాగింది. ఆ ఇరవై రెండేళ్ళలో బయటి బోధకులు అడుగుపెట్టలేని అడవుల్లో, పశువుల శిబిరాల్లో, ఇథియోపియాలోని ఇటాంగ్, కెన్యాలోని కకుమా వంటి శరణార్థి శిబిరాల్లో డింకాలు వేలాదిగా బాప్తిస్మం పొందారు. తరతరాలుగా భయపడుతూ కొలిచిన ‘జోక్’ అనే శక్తులు తమ బిడ్డలనూ మందలనూ బాంబుల నుంచి కాపాడలేకపోయాయని వారు గ్రహించి, ఆ శక్తులకు అంకితం చేసిన వస్తువులను తామే పోగుచేసి కాల్చారు. ఆకాశంలోని సృష్టికర్తకు పూర్వం నుంచీ ఉన్న ‘న్హియాలిచ్’ అన్న పేరునే తండ్రియైన దేవునికి నిలుపుకున్నారు. బోర్ బిషప్ నథానియెల్ గరాంగ్ బయటి లోకంతో సంబంధం తెగిపోయిన ఏళ్ళలో కాలినడకన ఊరూరా తిరిగి బాప్తిస్మాలిచ్చారు, పాస్టర్లను అభిషేకించారు.

ఆనాటి ఆరాధన ఎలా ఉండేదో ఊహించుకోవాలంటే చేతికర్ర సిలువను చూడాలి. డింకా స్త్రీలు గుడికి వచ్చేటప్పుడు నిలువెత్తు కర్ర సిలువ పట్టుకుని నడుస్తారు. నల్లని గట్టి కర్రను చెక్కి, కొన్నిటికి పేలిపోయిన తూటాల ఇత్తడి తొడుగులను సాగగొట్టి అలంకారంగా బిగించారు. డోలు దరువుకు వందలాది సిలువలు ఒక్కసారిగా లేచి దిగుతాయి. పాటలు కూడా వారివే. ఎద్దు అందాన్ని, వంశ గౌరవాన్ని పాడుకునే పాత బాణీల్లోనే యుద్ధం, అనాథత్వం, రక్షణ గురించిన కీర్తనలు కట్టారు. చదువు రాని స్త్రీలూ కట్టారు. మేరీ అలుయెల్ గరాంగ్ వంటి కీర్తనకర్తల పాటలు శిబిరం నుంచి శిబిరానికి నోటిమాటగానే పాకాయి. యెషయా గ్రంథం 18వ అధ్యాయంలో కూషు దేశం గురించి, నదులు చీల్చిన నేల గురించి, పొడగరులైన జనం గురించి చెప్పిన ప్రవచనం తమ గురించేనని వారి గట్టి నమ్మకం. ఆ అధ్యాయాన్ని మన దగ్గర కూడికల్లో చదవడం నేను చాలా అరుదుగా విన్నాను. అక్కడ పిల్లలకు కూడా అది తెలుసు.

కరవులో తిండి కోసం మతం మారారన్న మాట నిజమా?

ఈ అనుమానం మనకు కొత్తది కాదు. ధాత కరవు తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందినప్పుడు ఒంగోలు బాప్టిస్టుల మీదా ఇదే మాట పడింది. సహాయ పనులు సాగినంత కాలం అక్కడి మిషనరీ క్లౌ దొర బాప్తిస్మాలు ఇవ్వకుండా ఆపి ఉంచారన్న వాస్తవాన్ని ఆ మాట అన్నవారు పట్టించుకోలేదు. డింకాల విషయంలో ఈ ఆరోపణ ఇంకా నిలవదు. వారిలో పెద్ద మార్పు వచ్చిన చోట పంచిపెట్టడానికి విదేశీ మిషనరీ లేడు, ధాన్యపు గోదామూ లేదు. శరణార్థి శిబిరాల్లో రేషను ఇచ్చినది ఐక్యరాజ్యసమితి సంస్థలు, దానికి బాప్తిస్మంతో నిమిత్తం లేదు. చదువు మీద ఆశతో సంఘం నీడకు వచ్చినవారు ఉన్నారు. అందులో తప్పు పట్టవలసింది నాకైతే ఏమీ కనబడదు.

ఇప్పుడు అక్కడ క్రైస్తవుల మీద మతహింస జరుగుతున్నదా?

ప్రభుత్వం మతం పేరుతో హింసించడం లేదు. 2011 నాటి తాత్కాలిక రాజ్యాంగం మతాన్ని, రాజ్యాన్ని వేరుచేసి అన్ని మతాలనూ సమానంగా చూడాలని చెప్పింది. సల్వా కీర్ కతోలికుడు, రియెక్ మచార్ ప్రెస్బిటేరియన్. వాట్సాప్‌లో ‘దక్షిణ సూడాన్‌లో క్రైస్తవుల ఊచకోత’ అంటూ తిరిగే సందేశాలను దయచేసి ఇతరులకు పంపకండి. వాటిలో కొన్ని వేరే దేశాల ఫొటోలు, కొన్ని ఖార్టూమ్ పాలన నాటివి.

గురువులు, మఠకన్యలు ప్రాణాలు కోల్పోతున్నది మాత్రం నిజం. 2021 ఆగస్టులో నిములే నుంచి జూబాకు వస్తున్న బస్సు మీద సాయుధులు దాడి చేసినప్పుడు సేక్రెడ్ హార్ట్ సభకు చెందిన ఇద్దరు మఠకన్యలు చనిపోయారు. అటువంటి దాడులకు దోపిడీ, జాతి వైరం, శిక్ష పడదన్న ధీమా కారణాలు. చంపినవారు కూడా చాలాసార్లు బాప్తిస్మం పొందినవారే.

క్రైస్తవులే క్రైస్తవులను చంపుకుంటుంటే సంఘం ఏం చేసింది?

ఈ ప్రశ్నను తప్పించుకుని దక్షిణ సూడాన్ గురించి మాట్లాడడం నిజాయితీ కాదు. 2014 జనవరిలో బోర్ పట్టణంలో సెయింట్ ఆండ్రూస్ కెథడ్రల్ ఆవరణలో తలదాచుకున్న స్త్రీలను సాయుధులు చంపారు. వారిలో సంఘ పరిచర్యలో ఉన్నవారున్నారు. ఆ నెలాఖరున ఆంగ్లికన్ల పెద్ద, అప్పటి కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ అక్కడికి వెళ్ళి, ఇంకా మృతదేహాలు ఉన్న ఊరిలో, సామూహిక సమాధి దగ్గర నిలబడి ప్రార్థన చేశారు. చంపినవారి ఊళ్ళలోనూ ఆదివారం ఆరాధన జరిగేది.

సంఘం మౌనంగా లేదు. 2013 డిసెంబరులో జూబాలోనూ మలకాల్‌లోనూ గుళ్ళు వేలాదిమందికి ఆశ్రయమిచ్చాయి. ఏడు సంఘాల ఉమ్మడి వేదికైన దక్షిణ సూడాన్ సంఘాల మండలి చర్చలకు మధ్యవర్తిగా నిలిచింది. ఆ నమ్మకం ఒక్కరోజులో వచ్చినది కాదు. మొదటి అంతర్యుద్ధాన్ని ముగించిన 1972 అడిస్ అబాబా ఒప్పందం కుదర్చడంలో ప్రపంచ సంఘాల మండలి, అఖిల ఆఫ్రికా సంఘాల సభ ముఖ్యపాత్ర వహించాయి.

అన్నిటిలోకీ నేను ఎక్కువగా గుర్తుచేసేది వున్లిట్ సమావేశం. 1991లో ఖార్టూమ్‌తో పోరాడుతున్న తిరుగుబాటు సైన్యం చీలిపోయిన తరువాత నైలు పశ్చిమ ఒడ్డున డింకాలు, నుయేర్లు ఎనిమిదేళ్ళపాటు ఒకరి పశువులను ఒకరు తోలుకుపోతూ, స్త్రీలను, పిల్లలను ఎత్తుకుపోతూ వచ్చారు. అప్పటి న్యూ సూడాన్ సంఘాల మండలి 1999 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇరుపక్షాల పెద్దలను వున్లిట్ అనే చోట కూర్చోబెట్టింది. వచ్చేవారి కోసం అక్కడ ఒక ఊరే కట్టారు. మొదటి రోజు ‘మాబియోర్’ అని పిలిచే తెల్లని ఎద్దును గుంజకు కట్టి, ఈ ఒడంబడికను మీరినవారి గతి దీని గతే కావాలని పెద్దలు పలికి బలి ఇచ్చారు. తరువాత రోజుల తరబడి ఒక్కొక్క వంశం లేచి తాను పోగొట్టుకున్నదేమిటో, ఎవరి చేత పోగొట్టుకున్నదో పేర్లతో సహా చెప్పింది. ఎదుటి పక్షం మధ్యలో అడ్డు రాకుండా విన్నది. చివరకు ఒడంబడిక మీద వేలిముద్రలు వేశారు. జంతుబలి జరిగిన సభను సంఘం నిర్వహించవచ్చునా అని అడిగేవారున్నారు. పెద్దల మాటకు విలువనిచ్చే జనంతో వారికి అర్థమయ్యే ప్రమాణమే చేయించారని నేననుకుంటాను. ఆ ఒడంబడిక ఆ ప్రాంతంలో ఏళ్ళపాటు నిలిచింది.

తోరిత్ మాజీ బిషప్ పరీదే తబాన్ మరో దారి తొక్కారు. పదవీ విరమణ అనంతరం 2005లో తూర్పున కురోన్ అనే మారుమూల చోట హోలీ ట్రినిటీ శాంతి గ్రామం నెలకొల్పి, పశువుల కోసం కొట్టుకునే జాతుల పిల్లలను ఒకే బడిలో కూర్చోబెట్టారు. 2023 నవంబరు 1న ఆయన మరణించారు.

పోప్ ఫ్రాన్సిస్ ఆ నాయకుల పాదాలను ముద్దుపెట్టుకున్నారు కదా, దానివల్ల ఏమైనా జరిగిందా?

2019 ఏప్రిల్‌లో దక్షిణ సూడాన్ నాయకుల కోసం వాటికన్‌లో జరిగిన రెండు రోజుల ధ్యానం ముగింపులో, 82 ఏళ్ళ వయసులో, పోప్ ఫ్రాన్సిస్ మోకరిల్లి కీర్, మచార్, రెబెక్కా న్యాందెంగ్ తదితర నాయకుల పాదాలను ముద్దాడి శాంతిలో నిలిచి ఉండమని వేడుకున్నారు. మరుసటి ఏడాది ఐక్య ప్రభుత్వం ఏర్పడింది. దానికి అంతర్జాతీయ ఒత్తిడి కూడా కారణం. ఆ ఒక్క చర్యే ఫలించిందని చెప్పలేము. 2023 ఫిబ్రవరి 3 నుంచి 5 వరకు ఆయన, ఆర్చిబిషప్ వెల్బీ, ప్రెస్బిటేరియన్లైన స్కాట్లండ్ సంఘపు మోడరేటర్ (సభాధ్యక్షుడు) ఇయన్ గ్రీన్‌షీల్డ్స్ కలిసి జూబాకు వచ్చారు. మూడు సంఘాల పెద్దలు అలా కలిసి ఒక దేశానికి యాత్రగా రావడం అపూర్వం. రుంబెక్ నుంచి యువతీయువకులు తొమ్మిది రోజులు నడిచి, దారిలో వేరే జాతుల ఊళ్ళలో రాత్రులు గడుపుతూ, జూబా చేరారు. నాయకుల కరచాలనాల కంటే ఆ నడకే నాకు ఎక్కువ ఆశ కలిగించింది.

సంఘం లోపల లోపాలు లేవా?

ఉన్నాయి, దాచడం వల్ల మేలు లేదు. 2021 ఏప్రిల్‌లో రుంబెక్ మేత్రాసనానికి (బిషప్ పరిధిలోని డయోసిస్‌కు) నియమితుడైన ఇటలీ దేశస్థుడు క్రిస్టియన్ కర్లస్సారె మీద అభిషేకానికి ముందే కాల్పులు జరిపి రెండు కాళ్ళనూ గాయపరిచారు. ఆ కేసులో శిక్ష పడినవారిలో అదే మేత్రాసనపు గురువు ఒకరున్నారు. కర్లస్సారె వారిని క్షమించానని చెప్పి, కోలుకుని 2022 మార్చిలో బిషప్‌గా అభిషిక్తుడయ్యారు. జూబాలో కూడా స్టీఫెన్ అమెయు నియామకాన్ని స్థానిక జాతికి చెందినవాడు కాడన్న కారణంతో 2020లో కొందరు వ్యతిరేకించారు. ఆయనే 2023లో కార్డినల్ అయ్యారు. మన సంఘాల్లో బిషప్ ఎన్నికలప్పుడు కులం మాట ఎలా పైకి వస్తుందో తెలిసినవారికి అక్కడి జాతి మాట అర్థమవుతుంది.

ఇంకొక చిక్కు ఓలి, అంటే కన్యాశుల్కం. పెళ్ళికొడుకు పదుల సంఖ్యలో పశువులను ఇవ్వవలసి రావడంతో, లేనివారు పక్క జాతి మందల మీద పడతారు. బహుభార్యత్వం వల్ల సంఘ సభ్యత్వం సమస్య అవుతుంది. బోధకులు వీటి మీద మాట్లాడుతున్నారు, మార్పు మాత్రం నెమ్మదిగానే ఉంది.

రోజువారీ జీవితంలో సంఘం చేసే పని ఏమిటి?

ప్రభుత్వం చేరని చోట బడి, ఆసుపత్రి, రేడియో నడుపుతున్నది చాలాసార్లు సంఘమే. వావ్‌లో సెయింట్ డేనియల్ కొంబోని ఆసుపత్రి, మపుయోర్‌దిత్‌లో మేరీ ఇమ్మాక్యులేట్ ఆసుపత్రి ఉన్నాయి. సాలిడారిటీ విత్ సౌత్ సూడాన్ అనే కతోలిక సభల ఉమ్మడి సంస్థ వావ్‌లో నర్సులకు, యాంబియోలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తోంది. 2006లో ఆరంభమైన జూబాలోని రేడియో బఖితా, చిన్నతనంలో దార్ఫూర్‌లో బానిసగా అమ్ముడుపోయి 2000లో పునీతురాలిగా ప్రకటితురాలైన జోసెఫిన్ బఖితా పేరు మీద నడుస్తోంది. మన దేశం నుంచి వెళ్ళిన సలేసియన్ గురువులు కూడా జూబా శివార్లలోని గుంబోలోనూ మరికొన్ని చోట్లా బడులు, వృత్తి శిక్షణ నడిపారు.

ముస్లింలతో సంబంధాలు ఎలా ఉన్నాయి?

మొత్తం మీద సామరస్యంగానే ఉన్నాయి. ఒకే ఇంట్లో అన్న క్రైస్తవుడు, తమ్ముడు ముస్లిం కావడం అక్కడ వింత కాదు.

శరణార్థులైన విశ్వాసుల సంగతి ఏమిటి?

దేశం దాటినవారిలో ఎక్కువమంది ఉగాండాలో ఉన్నారు. 2016లో తెరిచిన బిడిబిడి శిబిరం ప్రపంచంలోని అతి పెద్ద శిబిరాల్లో ఒకటి. కజోకెజి ప్రాంతం ఖాళీ అయినప్పుడు అక్కడి ఆంగ్లికన్ బిషప్ కూడా తన జనంతోపాటే ఉగాండాకు తరలి, శిబిరాల్లోనే పరిచర్య సాగించారు. కర్రలు పాతి, సహాయ సంస్థల టార్పాలిన్ కప్పిన పందిళ్ళలో, దుంగల మీద కూర్చుని ఆరాధిస్తారు. అన్ని జాతులవారూ ఒకే బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకోవలసిన చోట, ఎవరి భాషలో పాట ముందు పాడాలన్నది కూడా సమాధానపడవలసిన విషయమే అవుతుంది.

సాయం చేయాలంటే, ప్రార్థించాలంటే ఎలా?

డబ్బు ఇవ్వదలచినవారు మీ సంఘం ద్వారా గాని, కతోలిక సహాయ సంస్థ కారితాస్ వంటి స్థిరపడిన సంస్థల ద్వారా గాని ఇవ్వండి. పాస్టరునని చెప్పుకుంటూ ఫేస్‌బుక్‌లో పరిచయమై ఖాతా నంబరు పంపే అపరిచితులకు పంపకండి. బట్టల మూటలు పంపే ఆలోచన మానుకోండి, రవాణా ఖర్చుతో అక్కడ ఎన్నో బస్తాల జొన్నలు వస్తాయి. సుమారు మే నుంచి అక్టోబరు వరకు వానలకు మట్టిదారులు మూసుకుపోతాయి కనుక, ఎండాకాలంలోనే సరుకు చేరేలా ఏడాది ఆరంభంలో ఇచ్చే సాయం ఎక్కువగా ఉపయోగపడుతుంది.

ప్రార్థనలో ‘ఆఫ్రికా’ అని ఒక్క మాటతో సరిపెట్టకుండా ఊళ్ళ పేర్లు పలకమని నా మనవి. నీటి నడుమ ఉన్న బెంటియు, పలుమార్లు చేతులు మారి శిథిలమైన మలకాల్, కెథడ్రల్ ఆవరణలో సమాధులున్న బోర్, ఎంతోమంది జనం ఉగాండాకు తరలిపోయిన యేయి, సరిహద్దు దాటి వచ్చేవారికి మొదటి పూట అన్నం పెట్టే రెంక్.